ఎవరూ అడగని ముందుకథ

కూనపులివారు పటం కట్టి మార్కండేయ పురాణం చెప్తుంటే వినే పద్మశాలీలకు కథలో కొత్తగా తెలుసుకోవాల్సింది ఏమీ ఉండదు. చుట్ట చుట్టిన పటాన్ని ఒక్కో వరుసా విప్పుతూ, పుల్లతో బొమ్మ మీద తట్టుతూ కథకుడు ముందుకు పోతుంటాడు. మొదట వినాయకుడు, తర్వాత మృకండుడి తపస్సు, పదహారేళ్లకే ఆయుష్షు తీరే కొడుకు, శివలింగాన్ని వాటేసుకున్న పిల్లవాడి మీద యముడి పాశం. ఆ పిల్లవాడు బతుకుతాడని అందరికీ తెలుసు. అయినా లేచిపోరు. కథ అక్కడితో ఆగదు మరి. మార్కండేయుడు చేసిన యజ్ఞంలోంచి భావనాఋషి పుట్టాలి, తామరతూడు నారతో దేవతలకు బట్ట నేయాలి. ఈ మగ్గం మన చేతికి ఎట్లా వచ్చిందన్న ప్రశ్నకు జవాబు ఆ చివరి వరుసల్లో ఉంది. చేమగ్గాలు పోయి సాంచాలు (మరమగ్గాలు) వచ్చిన సిరిసిల్లకు గాని, కోరుట్లకు గాని ఆ ప్రశ్న పాతబడలేదు. పని కోసం సోలాపూర్, భివండి వెళ్లినవాళ్లు కూడా మార్కండేయుణ్ని వెంట తీసుకుపోయారు. సోలాపూర్‌లో శ్రావణ పౌర్ణమికి ఆయన రథం ఇప్పటికీ కదులుతుంది.

ఈ సంగతి ఇప్పుడెందుకంటే, కుర్రకారు కోసం తీసే సినిమా సిరీస్‌లు చల్లబడ్డప్పుడల్లా నిర్మాతలు వెనక్కి చూస్తున్నారు. పుస్తకాలు అయిపోయాయి, నటులకు వయసు వచ్చింది, కథ ముందుకు పోవడానికి దారి లేదు; అయితే అంతకుముందు జరిగింది తీద్దాం అంటున్నారు. హాలీవుడ్ ఈ ప్రీక్వెల్‌ను వ్యాపార సూత్రంగా పట్టుకుంది. మనకది వ్యాపారం కాకముందే అలవాటు. జాతరలో ఒగ్గుకథకుడు దేవుడి పెళ్లి చెప్పాలంటే ముందు దేవుడి పుట్టుక చెప్తాడు, దానికి ముందు తల్లి కష్టం చెప్తాడు. వేములవాడ దగ్గరి హన్మాజీపేట అనే ఒక్క ఊరు ఎల్లమ్మ కథ చెప్పిన మిద్దె రాములునూ, సినిమాకు పాటలు రాసిన సి.నారాయణరెడ్డినీ ఇచ్చిందంటే, ఈ నేల మీద కథకూ తెరకూ మధ్య దూరం ఎంత తక్కువో తెలుస్తుంది.

తెలుగు తెర మీద తొలి యువ సిరీస్ ఏదని అడిగితే నేను అభిమన్యుడి పేరు చెప్తాను. ఎవరూ అలా లెక్కపెట్టలేదు గాని, చూడండి. భారతంలో అభిమన్యుడనగానే పద్మవ్యూహం, కుర్రతనంలోనే చావు. 1957లో విజయావారి ‘మాయాబజార్’ ఆ చావు ఊసే ఎత్తకుండా, దానికి చాలా ముందున్న ప్రేమకథ చెప్పింది. శశిరేఖ వ్యాసభారతంలో లేదు. జానపదుల నోటా నాటకాల్లోనూ పెరిగిన పిల్ల ఆమె. 1936లోనే పి.వి.దాసు ఈ కథను సినిమాగా తీశారు. అక్కినేని అభిమన్యుడు, సావిత్రి శశిరేఖ అయ్యాక చిన్ననాటి బావామరదళ్ల సరదా, ఆస్తి పోగానే మాట తప్పిన మేనమామ ఇంటి అహంకారం జనానికి సొంతింటి గొడవ అయిపోయాయి. 1963లో ‘నర్తనశాల’ ఉత్తరతో పెళ్లి దగ్గర వదిలింది. అందులో అభిమన్యుడు శోభన్‌బాబు. 1965లో ‘వీరాభిమన్యు’ అదే శోభన్‌బాబును పద్మవ్యూహంలోకి పంపింది. ప్రేమ, పెళ్లి, మరణం: ఎనిమిదేళ్లలో మూడు సినిమాలు, ఒక్క కుర్రవాడు. మూడింటికీ నిర్మాణ సంస్థలు వేరు, దర్శకులు వేరు. కలిపి పథకం వేసినవాళ్లెవరూ లేరు.

చివర ఏం జరుగుతుందో తెలిసినా ‘మాయాబజార్’ నిలబడింది. ఆ కుర్రవాడు పోతాడని తెలుసు గనకే, వాడి పెళ్లి సందడి మనకు రెండింతలు ప్రియం. ముందుకథకు ఉన్న బలం అదే. 2010లో రంగులద్ది మళ్లీ విడుదల చేసినప్పుడు కూడా జనం వెళ్లారు. పాత కథకు అదనపు కథేమీ జోడించకుండానే.

ప్రతినాయకుడి యవ్వనమూ మనకు కొత్త కాదు. సీతను ఎత్తుకుపోయిన రావణుడు అంతకుముందు ఎవరు? 1958లో ఏవీఎం వారి ‘భూకైలాస్’ ఎన్టీఆర్‌ను రావణుడిగా పెట్టి, తల్లి కోసం ఆత్మలింగం తేబోయిన కొడుకునూ, మండోదరిని వలచిన యువకుణ్నీ చూపించింది. మూడేళ్లకు ఎన్టీఆర్ తానే దర్శకుడై ‘సీతారామ కళ్యాణం’ తీశారు. తొలిసారి మెగాఫోన్ పట్టిన హీరో రాముడి వేషం వదిలి రావణుడి వేషం ఎంచుకున్నారు. 2023 నవంబరులో ‘ది హంగర్ గేమ్స్: ది బల్లాడ్ ఆఫ్ సాంగ్‌బర్డ్స్ అండ్ స్నేక్స్’ వచ్చినప్పుడు, క్రూరుడైన అధ్యక్షుడు స్నో పద్దెనిమిదేళ్ల వయసులో ఎలా ఉండేవాడో చూపడం గొప్ప సాహసమని సమీక్షకులు రాశారు. రాయనివ్వండి. మన తాతలు ఆ సాహసం టూరింగ్ టాకీసులో నేల టికెట్టు మీద చూశారు.

అక్కడి లెక్కలు మాత్రం ఆసక్తిగా ఉంటాయి. ‘హంగర్ గేమ్స్’ రెండో భాగం ‘క్యాచింగ్ ఫైర్’ 2013లో ప్రపంచవ్యాప్తంగా 86 కోట్ల డాలర్లకు పైగా వసూలు చేసింది. 2015 నాటి చివరి భాగం 65 కోట్ల దగ్గరే ఆగింది. ఎనిమిదేళ్ల విరామం తర్వాత వచ్చిన ముందుకథకు దాదాపు 35 కోట్లు వచ్చాయి. పెట్టుబడి సుమారు 10 కోట్లే కాబట్టి లాభమే. మంట రేగలేదు, నిప్పు ఆరనూలేదు. అదే బడిలో చదువుకున్న ‘డైవర్జెంట్’కు ఆ భాగ్యం కూడా లేదు. 2016లో మూడో భాగం దెబ్బతినగానే నాలుగోది తీయడమే మానేశారు. ‘హ్యారీ పోటర్’ లోకంలోంచి వచ్చిన ‘ఫెంటాస్టిక్ బీస్ట్స్’ మరీ పాఠం. 2016లో 81 కోట్ల డాలర్లు, 2018లో 65 కోట్లు, 2022లో 40 కోట్లు. మొదటి సినిమాలో వింత జంతువుల్ని పెట్టెలో వేసుకుని తిరిగే న్యూట్ అనే అమాయకుడు ఉన్నాడు. తర్వాతి రెండింటిలో డంబుల్‌డోర్ పాత స్నేహం, పాత పగ వచ్చి అతన్ని పక్కకు నెట్టేశాయి. ఐదు సినిమాలని మొదలుపెట్టి మూడింటితో ఆపేశారు.

మన దగ్గర నిజమైన కాలేజీ సినిమా తరం 2000లో తేజ ‘చిత్రం’తో మొదలైందనుకోవచ్చు. ఉషాకిరణ్ మూవీస్, కొత్త ముఖాలు, చిన్న బడ్జెట్. ఉదయ్ కిరణ్ అనే కుర్రవాడు రాత్రికి రాత్రి ప్రతి ఊరి సెలూన్ గోడ మీదికీ ఎక్కాడు. 2007 అక్టోబరులో శేఖర్ కమ్ముల ‘హ్యాపీ డేస్’ వచ్చింది. కొండగట్టు దగ్గర నాచుపల్లిలో జేఎన్‌టీయూ ఇంజినీరింగ్ కాలేజీ తెరిచింది కూడా ఆ ఏడాదే. జగిత్యాల చుట్టుపక్కల పల్లెల పిల్లలకు తెర మీది క్యాంటీనూ, ఎదుట కనిపించే క్యాంటీనూ ఒకేసారి దొరికాయి. ఈ సినిమాల్ని సిరీస్ చేయాలని అప్పట్లో ఎవరికీ తోచలేదు. 2021లో తేజ ‘చిత్రం 1.1’ అని ప్రకటించారు, అది తెర దాకా రాలేదు. ‘హ్యాపీ డేస్’కు ముందుకథ తీస్తే ఏం చెప్తారు? చందు ఇంటర్‌లో ఏ హాస్టల్‌లో ఉన్నాడో, టైసన్‌కు ఎంసెట్‌లో ఎంత ర్యాంకు వచ్చిందో ఎవరికి కావాలి?

ఈ తరం సినిమాల్ని బతికించింది పునర్విడుదల. 2022 ఆగస్టు 9న మహేశ్‌బాబు పుట్టినరోజుకు ‘పోకిరి’ ప్రత్యేక ఆటలు వేశాక దారి తెరుచుకుంది. 2010లో పల్టీ కొట్టిన ‘ఆరెంజ్’ 2023లో మళ్లీ వచ్చి హాళ్లు నింపింది. అప్పట్లో ఆ సినిమా చూడనివాళ్లు పాటలు నోటికి నేర్చుకుని వచ్చి, తెర ముందు నిలబడి గొంతు కలిపారు. అదే ఏడాది ‘ఈ నగరానికి ఏమైంది’ అయిదేళ్ల పుట్టినరోజుకు తిరిగి వచ్చి కొత్త జనాన్ని సంపాదించింది. దాని తర్వాతి భాగాన్ని 2025లో ప్రకటించారు. ప్రకటించింది తర్వాతి కథనే, ముందుకథను కాదు. ఆ నలుగురు స్నేహితులు ఇప్పుడేం చేస్తున్నారన్నదే చూసేవాడి ప్రశ్న.

అసలు పరీక్ష ‘బాహుబలి’. 2015 జులై 10న మొదటి భాగం చివర కట్టప్ప బాహుబలి ఒంట్లో కత్తి దించాడు. ఆ తర్వాత దాదాపు రెండేళ్లు, 2017 ఏప్రిల్ 28 దాకా, కోరుట్ల బస్టాండులోనూ దుబాయ్ క్యాంపులోనూ ఎందుకు చంపాడన్న ఒకటే ప్రశ్న. రెండో భాగం పేరుకు ముగింపు గాని, అందులో సగానికి పైగా తండ్రి అమరేంద్రుడి పాత కథే. అంటే దేశమంతా వెర్రెత్తి చూసింది ఒక ముందుకథను. కొడుకు శివుడు ఎదురుగా కూర్చుని వింటుంటే కట్టప్ప చెప్పే తీరు అచ్చంగా మన కథకుడి తీరే. వినేవాడికి ఆ కథతో పేగుబంధం ఉంది, చెప్పేవాడి చేతికి నెత్తురు ఉంది.

ఆ తర్వాత జరిగింది చూడండి. ‘బాహుబలి’లోని రాజమాత శివగామి చిన్నతనం గురించి ఆనంద్ నీలకంఠన్ 2017లో నవల రాశారు. దాని ఆధారంగా నెట్‌ఫ్లిక్స్ 2018లో సిరీస్ ప్రకటించింది. దేవా కట్టా, ప్రవీణ్ సత్తారు దర్శకత్వం అన్నారు. నటులు మారారు, దర్శకులు మారారు, చివరికి మొత్తం పక్కన పెట్టేశారు. యానిమేషన్‌లో ‘ది లాస్ట్ లెజెండ్స్’ వచ్చింది, 2024 మే 17న హాట్‌స్టార్‌లో ‘క్రౌన్ ఆఫ్ బ్లడ్’ మొదలైంది. పిల్లలు కొంత చూశారు, ఊరు మాట్లాడుకోలేదు. తెలంగాణలో సింగిల్ స్క్రీన్ హాళ్లు జనం లేక పది రోజులు మూసుకున్నది కూడా సరిగ్గా ఆ మే 17 నుంచే. ‘బాహుబలి’ రాజ్యం మాహిష్మతి పాత చరిత్ర ఫోన్‌లో నడుస్తుంటే, మాహిష్మతిని చూపించిన హాళ్లకు తాళాలు. 2025 అక్టోబరు 31న రెండు భాగాల్నీ కుదించి ‘బాహుబలి: ది ఎపిక్’గా విడుదల చేస్తే మాత్రం జనం మళ్లీ వచ్చారు. మూడు గంటలు దాటిన నిడివి, ఒక్క కొత్త కథ లేదు.

తేడా డబ్బులో లేదు, హంగులో లేదు. కట్టప్ప సంగతి మనం అడిగాం. శివగామి బాల్యం మనం అడగలేదు. ఆమె తెర మీదికి వచ్చేసరికే చేతిలో పసిబిడ్డతో, నీళ్లలో మునుగుతూ పూర్తి మనిషిగా వచ్చింది.

సిరిసిల్ల బిడ్డ వేణు యెల్దండి 2023 మార్చిలో తీసిన ‘బలగం’ను ఈ వరుసలో పెడితే కొందరు నవ్వవచ్చు. సిరీస్ లేదు, కుర్రకారు హంగామా లేదు. కాని ముందుకథ చేసే పని ఇంత దగ్గరగా చూపించిన సినిమా ఈమధ్య ఇంకోటి లేదు. ముసలి కొమురయ్య చనిపోయాడు, పిట్టకు పెట్టిన ముద్ద పిట్ట ముట్టదు. ఎందుకు ముట్టదో వెతుకుతూ పోతే ఎన్నో ఏళ్ల కింద విందులో నల్లి బొక్క దగ్గర మొదలైన పంచాయితీ బయటపడుతుంది. పదకొండో రోజు బుడగజంగాలు వచ్చి చచ్చినాయన బతుకంతా పాటగా చెప్తారు. అన్నాదమ్ములు, ఆడబిడ్డ, అల్లుడు ఏడ్చి ఒకటవుతారు. కొమురయ్య గురించి వాళ్లకు తెలియంది ఆ పాటలో ఏమీ లేదు. తెలిసిందాన్ని తమదిగా వినడం ఒక్కటే జరిగింది. సినిమా హాల్లో ఆడింది చాలక, ఊళ్లలో తెర కట్టి ఆరుబయట జనం కలిసి చూశారు.

పక్క రాష్ట్రపు ‘కాంతార’ ఈ సూత్రాన్ని చక్కగా పట్టుకుంది. 2022లో మొదటి సినిమా చివర హీరో అడవిలో మాయమయ్యాడు. ఎక్కడికి, ఎందుకు అన్నది వదిలేశారు. ఆ ఖాళీలోకి 2025 అక్టోబరు 2న ‘చాప్టర్ 1’ కదంబుల కాలం నాటి కథను తెచ్చి పెట్టింది. అది ఆ ఏడాది అతిపెద్ద విజయాల్లో ఒకటి. అయితే మొదటి సినిమా అప్పటికి చల్లబడలేదన్నదీ గుర్తుంచుకోవాలి. చల్లబడినదాన్ని లేపడం వేరు, వేడిగా ఉన్నదాని మీద వండటం వేరు.

ఇప్పుడు హంగర్ గేమ్స్ వాళ్లు మరో ముందుకథతో వస్తున్నారు. ‘సన్‌రైజ్ ఆన్ ది రీపింగ్’ నవల 2025 మార్చిలో వచ్చింది, సినిమాకు 2026 నవంబరు 20 అని తేదీ ప్రకటించారు. పాత సినిమాల్లో తాగుబోతు గురువుగా కనిపించిన హేమిచ్ పదహారేళ్లప్పుడు యాభయ్యో హంగర్ గేమ్స్ పోటీ ఎలా గెలిచాడన్నది కథ. ఆ మనిషి ఎందుకంత తాగుతాడో పాత నాలుగు సినిమాలూ చూపించలేదు, చూసినవాళ్లు పదేళ్లకు పైగా అడుగుతూనే ఉన్నారు. అందుకే స్నో కథకంటే దీనికే ఎక్కువ జనం వస్తారని నా అంచనా. తెలుగులో పాత కాలేజీ సినిమాల హక్కులు దగ్గర పెట్టుకుని ముందుకథలు రాయించే ఆలోచనలో ఉన్న నిర్మాతలు ఎవరైనా ఉంటే, కథ రాయించే ముందు జగిత్యాలలోనో కోరుట్లలోనో ఆ సినిమా చూసిన నలుగురిని కూర్చోబెట్టి, ఇందులో మీకు తెలియకుండా మిగిలిపోయింది ఏమిటని అడగండి. వాళ్లు ఏమీ లేదంటే పాత ప్రింటునే శుభ్రం చేసి విడుదల చేయండి. ఖర్చు తక్కువ, జనం ఎలాగూ వస్తారు.