పెరట్లో పూడ్చిన లంద

ఊర్లో పాత ఇల్లు తవ్వుతున్నరంటే జనం అడిగేది ఒక్కటే: "లంకెబిందెలు దొరికినయా?" మాదిగవాడలో మా తాత కట్టిన పెంకుటింటిని బాగుచేయిస్తూ, పెరట్లో బాత్రూం కోసం పునాది తీయిస్తుంటే మమ్మల్నీ అదే అడిగిండ్రు. రెండడుగుల లోతులో మాకు దొరికినవి సున్నపు గచ్చు చేసిన రెండు గుంటలు, అడుగున నల్లగా పేరుకున్న చెక్క పొట్టు, సున్నం అంటిన కుండ పెంకులు, తుప్పు పట్టిన ఒక రంపె. మేస్త్రీ "కంకర నింపేద్దం" అన్నడు. అరుగు మీద కూసున్న మా మేనత్త ఒక్క చూపుతోనే పోల్చుకున్నది: "గవి లందలు బిడ్డా. మీ తాత గండ్లనే తోళ్లు నానేసేటోడు."

లంద అంటే తోలును పదును చేసే గుంట. పచ్చి తోలును కడిగి సున్నపు నీళ్లల్లో నానేస్తే వెంట్రుకల మొదళ్లు వదులైతయి. వాటిని గీకి, సున్నం పోయేదాక కడిగి, దంచిన తంగేడు చెక్క నీళ్లల్లో వేస్తరు. ఆ చెక్కలోని టానిన్ తోలుకు పట్టి కుళ్లకుండా ఆపుతది. సున్నంలో తక్కువ నానితే వెంట్రుక రాదు, ఎక్కువ నానితే తోలు బలం పోతది. ఇది రసాయనశాస్త్రం కాక మరేమిటి? 19వ శతాబ్దంలో మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి ఇంగ్లాండుకు ఎగుమతైన తోళ్లను కూడా తంగేడు చెక్కతోనే పదును చేసేవాళ్లు. 2014లో తెలంగాణ రాష్ట్ర పుష్పమైన తంగేడు ఇదే. పువ్వు బతుకమ్మకెక్కింది, చెక్క మాత్రం వాడ దాటలేదు.

లందలో తేలిన తోలే మోట బొక్కెన అయింది, తొండమైంది, ఎడ్లకు వారైంది, డప్పైంది, కాళ్లకు చెప్పైంది. కరెంటు మోటార్లు రాకముందు బాయి నీళ్లు పొలానికెక్కింది తోలు మోటతోనే. మన చరిత్రకారులు చెరువులు తవ్వించిన రాజుల పేర్లు రాసిండ్రు. మోట కుట్టినోని పేరు ఏ శాసనంలో వెతకాలె? 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం, భూమిలో పది రూపాయలకు మించి విలువచేసే నిధి దొరికితే కలెక్టరుకు తెలపాలంటది. లందకు ఎవరు విలువ కట్టాలె?

అయితే లందను పొగిడి ఊరుకుంటే అబద్ధం చెప్పినట్టే. ఈ విద్య వెట్టితో ముడిపడి ఉంది. చచ్చిన గొడ్డును ఈడ్చుకుపోవడం మాదిగోని విధి. దొర చెప్పులు, దొర మోట కుట్టడం కూడా విధే. కల్లంలో ఇచ్చే మేర గింజలను కూలి అనలేదు, దయ అన్నరు. పైగా అదే పనిని చూపి అంటరానోడన్నరు.

లందను పూడ్చింది ఎవరో కాదు, మా నాయనే. పంతులు నౌకరి వచ్చిన ఏడాదే మన్ను పోసి పైన జామ చెట్టు పెట్టిండట. సిగ్గుపడి పూడ్చినవా అని అడిగితే చాలాసేపు మాట్లాడలేదు. "బళ్లె నా పక్కన ఎవ్వడు కూసోకపోయేది, వాసనొస్తదని. నా పిల్లలు గా మాట పడొద్దనుకున్న" అన్నడు.

ఆ మన్నును మేము తప్పుపట్టలేము. 1927 మార్చిలో మహద్ సభలో బాబాసాహెబ్ అంబేద్కర్ చచ్చిన పశువుల మాంసం మానమని పిలుపునిచ్చారు. 2016 జూలైలో గుజరాత్‌లోని ఊనాలో చచ్చిన ఆవు తోలు ఒలుస్తున్న దళితులను కట్టేసి కొట్టిండ్రు. ఆ తర్వాత అక్కడి దళితులు చచ్చిన గొడ్లను ఎత్తేది లేదని తెగేసి చెప్పిండ్రు. వెట్టిని పూడ్చడం ఆత్మగౌరవం. కానీ వెట్టితో పాటు విద్య కూడా మట్టిపాలైంది. పని మానుకునే హక్కు మనది. ఆ పనిలోని జ్ఞానం మాదేనని చెప్పుకునే హక్కు కూడా మనదే. ఒకదాని కోసం రెండోదాన్ని వదులుకోవాల్సిన పని లేదు.

బాత్రూం పునాది అవతలి పక్కకు జరిపినం. గుంటల కొలతలు రాసుకున్నం, ఫొటోలు తీసినం. మేనత్త చెప్పినవి రెండు దినాలు రాసుకున్నం. మా నాయన కొద్దిసేపు దూరంగనే నిలబడ్డడు. తర్వాత వచ్చి, రంపెను ఏ చేత్తో ఎట్ల పట్టాల్నో చూపించిండు. మరిచిపోలేదు.

మిత్రులారా, ఇప్పుడు వాడల్లో పాత ఇండ్లు కూలుతున్నయి, స్లాబులు లేస్తున్నయి. మీ పెరడు తవ్వినప్పుడు ఏం కనబడినా కంకర పోయకముందు ఇంట్ల పెద్దోళ్లను పిలిచి చూపించండి. వాళ్లు చెప్పింది రాసుకోండి. వాళ్లు పోయినంక అవి ఉత్త గుంటలే.