ఊరికే ఫెయిలయ్యే టెస్టు లేదు

మైకేల్ స్టోన్‌బ్రేకర్ 1986లో బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో మొదలుపెట్టిన పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌కు, 1994లో ఆండ్రూ యూ, జాలీ చెన్ అనే ఇద్దరు విద్యార్థులు ఎస్‌క్యూఎల్ నేర్పారు. దాంతోపాటు సర్వర్ సరిగ్గా పనిచేస్తోందో లేదో చూసుకోవడానికి కొన్ని రిగ్రెషన్ టెస్టులూ రాశారు. తర్వాత మార్క్ ఫోర్నియర్, థామస్ లాక్‌హార్ట్ వాటిని బాగా తిరగరాసి ఒక దారిలో పెట్టారు. హైదరాబాద్‌లో డేటాబేస్ టెస్టింగ్ చేసుకుని బతికే నాకు ఈ నలుగురంటే చాలా గౌరవం. వాళ్లు వేసిన దారిలోనే పోస్ట్‌గ్రెస్ టెస్టులు ఇవాళ్టికీ నడుస్తున్నాయి.

ఆ పద్ధతి చాలా సులువు. ఒక ఫోల్డర్‌లో క్వెరీలుంటాయి, ఇంకో ఫోల్డర్‌లో రావాల్సిన జవాబులుంటాయి. సర్వర్ ఇచ్చిన జవాబును రావాల్సిన జవాబుతో అక్షరం అక్షరం పోల్చి, తేడా ఉంటే ఒక ఫైల్‌లో రాసిపెడతారు. చిక్కంతా ఆ పోల్చడంలోనే ఉంది. సర్వర్ తప్పు చేయకపోయినా అక్షరాలు మారిపోవచ్చు.

వరసల క్రమమే చూడండి. ఆర్డర్ బై లేని క్వెరీకి వరసలు ఫలానా క్రమంలో రావాలన్న నియమం ఎస్‌క్యూఎల్‌లో ఎక్కడా లేదు. అయినా చిన్న టేబుల్ మీద అవి ఎప్పుడూ ఒకేలా వస్తుంటాయి కాబట్టి మనం నమ్మేస్తాం. 2008లో వచ్చిన 8.3 వెర్షన్ ఆ నమ్మకాన్ని కదిలించింది. ఒక పెద్ద టేబుల్‌ను ఒక క్వెరీ చదువుతుండగా రెండోది వస్తే, అది మొదటికి వెళ్లకుండా, ముందుది ఎక్కడుందో అక్కడే కలిసి చదవడం మొదలుపెడుతుంది. డిస్కుకు శ్రమ తగ్గుతుంది, వరసలు మాత్రం టేబుల్ మధ్యలోంచి వస్తాయి. టేబుళ్లను తనంతట తానే శుభ్రంచేసే ఆటోవాక్యూమ్ మామూలుగానే ఆన్‌లో ఉండడం మొదలైందీ ఆ వెర్షన్‌లోనే. అది వెనకాల ఏ క్షణాన గణాంకాలు సరిచేస్తే ఆ క్షణాన క్వెరీ ప్లాన్ మారవచ్చు.

మరి క్వెరీలన్నిటికీ ఆర్డర్ బై తగిలిస్తే సరిపోదా? పోస్ట్‌గ్రెస్ వాళ్లు ఆ పని చేయలేదు, ఎందుకు చేయలేదో తమ పత్రాల్లోనే రాశారు. అన్నిటికీ తగిలిస్తే, క్రమంలో జవాబిచ్చే ప్లాన్లకే పరీక్ష జరుగుతుంది, మిగతావి పరీక్షకే రావు. టెస్టు నిలకడగా ఉంటుంది కానీ తక్కువ పనికొస్తుంది. నా ఉద్దేశంలో ఈ చరిత్ర మొత్తంలో అన్నిటికంటే వివేకమైన నిర్ణయం ఇదే. నిలకడ కోసం పరీక్షనే గుల్ల చేసుకోవడం మా వృత్తిలో రోజూ కనిపించే తప్పు.

కాలంతో వచ్చిన తంటా ఇంకా చిత్రమైనది. టెస్టుల్లో రావాల్సిన తేదీలు, సమయాలు బర్క్‌లీ ఉన్న పసిఫిక్ టైమ్ జోన్ ప్రకారం రాసి ఉన్నాయి. అమెరికాలో చాలాచోట్ల ఏడాదికి రెండుసార్లు గడియారాన్ని గంట ముందుకో వెనక్కో జరుపుతారు. ఆ రోజుల్లో 'హోరాలజీ' అనే టెస్టు ఫెయిలయ్యేది. నిన్న అర్ధరాత్రికీ ఇవాళ్టి అర్ధరాత్రికీ మధ్య సరిగ్గా 24 గంటలుంటాయని అందులోని కొన్ని క్వెరీలు నమ్మాయి. గడియారం జరిపే రోజున, దానికి ముందురోజు, మర్నాడు ఇలా జరుగుతుందని పాత పత్రాల్లో హెచ్చరిక ఉండేది. గడియారం జరిపే అలవాటు లేని మన దేశంలో కూర్చున్నవాడికి ఇది తట్టడం కష్టం.

ఇలాంటివి ఒక్క మనిషి కంప్యూటర్ మీద బయటపడవు. అందుకే ఆండ్రూ డన్‌స్టన్ 2004లో బిల్డ్‌ఫార్మ్ మొదలుపెట్టారు. ఎవరెవరో స్వచ్ఛందంగా తమ యంత్రాలనిస్తారు, ఒక్కోదానికి ఒక జంతువు పేరు పెడతారు. కొత్త కోడ్ రాగానే ఆ యంత్రాలు దాన్ని బిల్డ్ చేసి, టెస్టులు నడిపి, ఫలితం పంపుతాయి. రకరకాల ప్రాసెసర్లు, ఆపరేటింగ్ సిస్టమ్‌లు అందులో ఉంటాయి. నాకు మరీ ఇష్టమైనవి నిదానంగా నడిచేవి. కావాలనే అవకాశం దొరికినప్పుడల్లా కాష్‌లను పారేసే ఏర్పాటుతో కొన్ని నడిచేవి. మామూలు యంత్రం మీద నిమిషాల్లో అయ్యే పని వాటికి గంటలకు గంటలు పట్టేది. వేగమైన యంత్రం దాచిపెట్టిన తప్పును అవి పట్టిచ్చేవి.

నిదానపు యంత్రాలు నేర్పిన పెద్ద పాఠం నిరీక్షణ గురించి. రెండు సర్వర్లున్న టెస్టులో మొదటిదాంట్లో రాసింది రెండోదానికి చేరాలి. ఐదు సెకన్లు ఆగి చూద్దాం అని రాస్తే నిదానపు యంత్రానికి చాలదు, వేగమైనదానికి వృథా. 2014 నుంచి పెర్ల్‌లో రాస్తూ వచ్చిన టెస్టుల్లో ఈ అలవాటు క్రమంగా మారింది. చేరిందా అని సర్వర్‌నే సెకనులో పదోవంతుకోసారి అడుగుతారు. చేరగానే ముందుకు వెళ్తారు, 180 సెకన్లయినా చేరకపోతేనే ఫెయిలంటారు. అంతకుముందే, 2011లో, రెండు మూడు సెషన్ల అడుగులను అనుకున్న వరుసలో నడిపే ఐసొలేషన్ టెస్టర్ వచ్చింది. ఒక సెషన్ లాక్ కోసం ఆగిందా లేదా అన్నది అది సర్వర్‌నే అడిగి తెలుసుకుంటుంది. 2024లో వచ్చిన 17వ వెర్షన్‌లో ఇంకో అడుగు వేశారు. సర్వర్ కోడ్‌లో ఫలానా చోట ప్రాసెస్‌ను ఆపి, టెస్టు పిలిచాకే కదిలించవచ్చు. అదృష్టముంటే దొరికే ఘడియ ఇప్పుడు కోరినప్పుడల్లా దొరుకుతుంది.

మా రంగంలో ఎక్కువగా వినపడే మాట "రీరన్ కొట్టు, గ్రీన్ అవుతుంది" అన్నది. నేను పనిచేసిన ఒకచోట అదే పద్ధతి. మొదట ఒక టెస్టును, తర్వాత ఒక గుంపును అలా వదిలేశారు. చివరికి ఎరుపు రంగు కనిపించినా ఎవరూ తలెత్తి చూడని స్థితి వచ్చింది. ఆ స్థితిలో టెస్టులు ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే. అందుకే కొత్తగా చేరినవాళ్లకు పోస్ట్‌గ్రెస్‌లో 'ర్యాండమ్' అనే టెస్టు కథ చెబుతుంటాను.

అది 1,000 వరసల టేబుల్ నుంచి సుమారు పదోవంతును యాదృచ్ఛికంగా ఏరి, లెక్క 80కీ 120కీ మధ్య వచ్చిందా అని చూసేది. అప్పుడప్పుడూ తప్పేది. తప్పినా పట్టించుకోవద్దని టెస్టుల జాబితాలోనే రాసిపెట్టారు, ఏళ్ల తరబడి అలాగే సాగింది. 2023లో వచ్చిన 16వ వెర్షన్ నాటికి ఆ టెస్టును తిరగరాశారు. ఇందులోని ఏ ఒక్క పరీక్షయినా ఊరికే తప్పే అవకాశం వంద కోట్లలో ఒకటికి మించకుండా చూడండి అని ఫైల్ మొదట్లోనే రాశారు. యాదృచ్ఛికతనే పరీక్షించే టెస్టుకే ఆ హద్దు పెట్టగలిగారు. మీ దగ్గర "అప్పుడప్పుడూ ఫెయిలవుతుందిలే" అని పక్కన పెట్టిన టెస్టు ఉంటే, ఈ వారం రీరన్ కొట్టకుండా దాని లాగ్ తెరిచి చదవండి.