దాదా పేటీలో రెండు అఖ్బార్లు

జగిత్యాలలో మా పాత ఇల్లు అమ్మేముందు అటక ఖాళీ చేస్తుంటే గోనెపట్టాలో చుట్టిన హార్మోనియం బయటపడింది. మా ఇంట్లో దాన్ని హార్మోనియం అనరు, పేటీ అంటారు. దాదా పేటీ. ఆయన ఇంతెఖాల్ తర్వాత అది కిందికి దిగనే లేదు.

పాత సామాను కొనే ఒకాయన చూడటానికి వచ్చాడు. పాలిష్ చూడలేదు, మెట్లు నొక్కి చూడలేదు. జేబులోంచి స్క్రూడ్రైవర్ తీసి పై పలక విప్పి, రీడ్ల మీద టార్చి వేశాడు. "ఎనిమిది వేలిస్త. రీడ్లకే. డబ్బా మీరే పెట్టుకోండ్రి, పొయ్యిలకు పనికొస్తది" అన్నాడు. చిచ్చా వెంటనే సరే అన్నాడు. ఇంట్లో సాజ్ ఉండటమే ఆయనకు పసంద్ కాదు. మంచిర్యాల నుంచి వచ్చిన ఫుప్పమ్మ మాత్రం ఏమీ అనకుండా గోనెపట్టాను మళ్లీ పెట్టె మీద కప్పింది. "అబ్బా కీ నిషానీ హై" అంది. అంతటితో సౌదా ఆగిపోయింది.

ఆ రోజు నుంచి నాకు ఒకటే ఆలోచన. ఆయన ఖీమత్ కట్టింది దేనికి? పొయ్యిలోకి పొమ్మన్నది దేన్ని?

ముందు రీడ్ల సంగతి. రీడ్ అంటే ఇత్తడి ప్లేటుకు ఒక చివర బిగించిన సన్నని ఇత్తడి నాలుక. గాలి తగిలితే కొట్టుకుంటుంది, అదే సుర్. పారిస్‌లో అలెగ్జాండర్ దెబెన్ అనే కారీగర్ 1840లలో ఈ సాజ్‌కు హార్మోనియం అని పేరు పెట్టాడు. కాళ్లతో గాలి కొట్టే పెద్ద బల్ల లాంటి వస్తువు అది. మనలాగా నేల మీద కూర్చుని పాడేవాళ్లకు అది కుదరదు. కలకత్తాలో 1875లో ద్వార్కిన్ దుకాణం పెట్టిన ద్వారకానాథ్ ఘోష్ దాన్ని ఒక చేత్తో గాలి కొట్టి, ఇంకో చేత్తో వాయించే పెట్టెగా మలిచాడని పేరు. పెట్టె ఇక్కడిదైనా రీడ్లు చాలాకాలం పారిస్ నుంచీ జర్మనీ నుంచీ వచ్చేవి. తర్వాత గుజరాత్‌లోని పాలిటానా రీడ్లకు పేరొచ్చింది. అందుకే పాత పెట్టెలు కొనేవాళ్లు పాత విలాయతీ రీడ్లు పీకి కొత్త పెట్టెల్లో బిగిస్తారు. పాత సాజ్‌ను అమ్మితే మిగిలేది ఇదే, ముక్కలు.

విలాయతీ రీడ్లని ఎలా తెలుస్తుంది? జర్మన్ రీడ్లలో జూబిలేట్ అనే ముద్ర ఉన్నవాటికి గిరాకీ ఎక్కువ. మా పేటీలో ఆ ముద్ర లేదు. ప్లేట్ల మీద సీ, డీ, ఈ లాంటి ఇంగ్లిష్ అక్షరాలు ఉన్నాయి గానీ అవి స్వరాల పేర్లు, ఏ రీడు ఎక్కడ బిగించాలో చెప్పే గుర్తులు. వాటిని చూసి విలాయతీ మాల్ అనుకుని సంబరపడితే పొరపాటు. కొనేటప్పుడు "మామూలు మాల్" అని, అమ్మేటప్పుడు "అసలీ జర్మన్" అనే వ్యాపారి మాట కూడా గవాహీ కాదు.

అమెరికాలో ఎవరికైనా తాతగారి పాత మార్టిన్ గిటారు దొరికితే లోపల ఉన్న నంబరు చూసుకుంటారు. 1898 నుంచి ఆ కంపెనీ ప్రతి గిటారుకూ నంబరు వేస్తోంది, ఏ నంబరు ఏ సంవత్సరానిదో పట్టీ ఉంది. మన పేటీలకు అలాంటి రిజిస్టరు ఎక్కడిది? మా దాదా పేటీకి మేకర్ పేరు కూడా లేదు. లోపలి పలక మీద చిన్న చదరం అంత చోట చెక్క లేత రంగులో ఉంది, నాలుగు మూలలా నాలుగు మేకు రంధ్రాలు. పేరు రాసిన ఇత్తడి రేకు ఒకప్పుడు అక్కడ ఉండేదన్నమాట. దాన్ని ఎవరు తీశారో, ఎందుకు తీశారో.

ఇక పెట్టెనే చదవాలి. పక్క పలకలు ఒకదాంట్లో ఒకటి పళ్లలా దూర్చిన పనితనం, మేకు లేదు. వెనక పలక మాత్రం వేరే టేకు, వేరే పనితనం, బరువు కూడా ఎక్కువ. ఆదిలాబాద్ అడవుల టేకు మా వైపు బఢాయిలకు చేతికందే చెక్క, ఆ పలక ఇక్కడ వేసిందేనని నా అంచనా. స్క్రూలు కూడా కబుర్లు చెప్తాయి. పాతవాటి తల మీద ఒకే గీత. వెనక పలకకు మాత్రం ప్లస్ గుర్తు స్క్రూలు ఉన్నాయి. ఆ రకం 1930లలో అమెరికాలో మొదలైంది, మన ఊళ్లకు రావడానికి ఇంకా చాలా ఏళ్లు పట్టి ఉంటుంది. మెట్ల పైతొడుగు ఏనుగు దంతమేమో అని మొదట భయపడ్డాను. దంతమైతే అమ్మడం చట్టప్రకారం జుర్మ్. దంతంలో సన్నని సహజమైన గీతలు కనిపిస్తాయి, ఇందులో లేవు. వేలితో గట్టిగా రుద్దితే కర్పూరం వాసన వచ్చింది. అది సెల్యులాయిడ్. (వేడి సూది గుచ్చి పరీక్షించమని కొందరు చెప్తారు, ఆ పని చేయకండి. సెల్యులాయిడ్ గుప్పున అంటుకుంటుంది.)

అసలు కబురు తిత్తిలో ఉంది. మడతల్లో తోలు చీలిన చోట లోపల కాగితం పొరలు కనిపించాయి. మడతలు గట్టిగా నిలబడటానికి పాత అఖ్బార్లు అతికించారు. కింద పొరలో నస్తాలీఖ్‌లో "రహ్బర్" అనే మాట సగం మిగిలింది. రహ్బర్-ఏ-దక్కన్ హైదరాబాద్‌లో 1921లో మొదలైన పత్రిక. పోలీస్ యాక్షన్ తర్వాత అదే రహ్నుమా-ఏ-దక్కన్ అయింది. దాని పైన అతికించిన ముక్క మీద "సియాసత్" అని ఉంది. సియాసత్ 1949 ఆగస్టు 15న మొదలైంది.

అంటే తిత్తి కనీసం రెండుసార్లు మరమ్మత్ అయింది. మొదటిది 1921కి ముందు కాదు, రెండోది 1949 ఆగస్టుకు ముందు కాదు. కాగితం ఇంతవరకే చెప్తుంది. రద్దీ కాగితం ఇరవై ఏళ్లు ఇంట్లో పడి ఉండి తర్వాత అతుక్కోవచ్చు కదా. రహ్బర్ ముక్క అంచున ఒక ఫస్లీ నెల పేరు కూడా మిగిలింది, సంవత్సరం ఉండాల్సిన చోటు చిరిగిపోయింది. ఫస్లీ సన్‌కు 590 కలిపితే దాదాపుగా ఈసవీ సన్ వస్తుంది. కలపడానికి అంకె లేకపోతే ఏం కలుపుతాం? ఉర్దూలో తేదీనీ తారీఖ్ అంటారు, చరిత్రనీ తారీఖ్ అంటారు. మా పేటీలో ఒకటి చిరిగిపోయి రెండోది మిగిలింది.

ఈ రెండు పొరల మధ్యలో 1948 సెప్టెంబర్ ఉంది.

ఆ నెలకు ముందు దాదా ఒక కచేరీలో అహల్కార్. ఉర్దూలో మిసిళ్లు రాసేవారు. జుమేరాత్ రాత్రుళ్లు దోస్తులతో కూర్చుని ఖవ్వాలీ పాడేవారు. పెద్దపల్లి దాకా బండిలో వెళ్లి, రైలెక్కి ఖాజీపేట దర్గా ఉర్స్‌కు పోయేవారు. ఖాజీపేట నుంచి పెద్దపల్లి, మంచిర్యాల మీదుగా బల్లార్షాకు రైలు దారి 1929లో పూర్తయింది. దాంతో మద్రాసుకూ ఢిల్లీకీ సూటి మార్గం పడింది. పేటీ కూడా ఆ రైల్లోనే వచ్చిందని ఫుప్పమ్మ అంటుంది. నాగ్‌పూర్ నుంచా, హైదరాబాద్ నుంచా అంటే ఆమెకూ యాద్ లేదు.

సెప్టెంబర్ తర్వాత కొలువు పోయింది. సర్కారీ పనుల్లో ఉర్దూ జాగా తగ్గిపోయింది. దాదాకు తెలుగు మాట వచ్చు, రాత రాదు. ఇంట్లో అయిదుగురు పిల్లలు. అప్పుడు ఆయన చేతిలో ఉన్న హునర్ ఒక్కటే, పేటీ. ఊళ్లలో పద్య నాటకాలు ఆడే జట్టుతో కలిసిపోయారు. సురభి వాళ్ల నాటకాల నుంచి ఊరి చిందు యక్షగానం దాకా హార్మోనియం లేనిదే గడవని జమానా అది. నమాజ్ వదలని మా దాదా రాత్రంతా శ్రీకృష్ణుడికీ అర్జునుడికీ శ్రుతి పట్టి, ఫజర్‌కు ఇంటికి చేరేవారట.

ఇది ఫుప్పమ్మ చెప్పిన మాట. చిచ్చా ఒప్పుకోడు. "నాటకాల్లోనా? ఝూట్" అంటాడు. నేను మెట్లు శుభ్రం చేస్తుంటే దీనికి సుబూత్ దొరికింది. పై పలక కింద దాగి ఉండే చెక్క భాగం మీద సిరాతో ఉర్దూ అక్షరాలు ఉన్నాయి, సా రే గా మా. సా మొదటి నల్ల మెట్టు మీద ఉంది, ఖవ్వాల్‌లు కాలీ ఏక్ అనేది దాన్నే. బయటి సెల్యులాయిడ్ మీద సూదితో గీకిన తెలుగు అక్షరాలు ఉన్నాయి, స రి గ మ, తడబడిన చేత్తో. "గ" తిరగబడింది. ఈ "స" కాలీ తీన్ మీద ఉంది. నాటకాల హార్మోనిస్టులు కాలీ ఏక్‌ను ఒకటిన్నర శ్రుతి అంటారు, కాలీ తీన్‌ను నాలుగున్నర అంటారు. ఎత్తు గొంతుతో పద్యం ఎత్తుకునే నటులకు కావాల్సింది అదే. నలభై ఏళ్లకు దగ్గరపడిన మనిషి తెలుగు అక్షరాలు నేర్చుకుంటూ ఆ మెట్ల మీద గీక్కున్నాడు. చిచ్చాకు చూపించాను. చాలాసేపు ఆ తిరగబడిన "గ" మీద వేలు పెట్టి కూర్చున్నాడు. ఏమీ అనలేదు.

ఇక్కడ చిచ్చా తరఫున కూడా ఒక మాట చెప్పాలి. సాజ్ జాయజా, నాజాయజా అనే బహస్ మన ఇళ్లలో ఈరోజు పుట్టింది కాదు. ఇమామ్ గజాలీ తన ఇహ్యాలో సమా గురించి ఒక కితాబే రాశారు. ఢిల్లీలో హజ్రత్ నిజాముద్దీన్ ఔలియా మీద ఇదే విషయంలో గియాసుద్దీన్ తుగ్లక్ దర్బారులో ముఖద్దమా లాంటిది నడిచింది. దాన్ని నేను తీర్చలేను. పెట్టెను ఇంట్లో ఉంచడం, వాయించడం వేర్వేరు సంగతులని మాత్రం చిచ్చాతో అన్నాను.

తమాషా ఏంటంటే మతంతో పని లేనివాళ్లు కూడా ఈ సాజ్‌ను వెలివేశారు. మెట్టు మీద సుర్ కదలదు, మీండ్ పలకదు, పన్నెండు స్వరాలు పాశ్చాత్య లెక్కన బిగించి ఉంటాయి, మన రాగానికి ఇది పనికిరాదని ఆలిండియా రేడియో 1940 మార్చి 1 నుంచి హార్మోనియంను బంద్ చేసింది. రవీంద్రనాథ్ టాగూర్ కూడా ఆ నిర్ణయం వైపే ఉన్నారు. నిజాం రాజ్యంలో దక్కన్ రేడియో వేరుగా నడిచేది, 1950లో అది ఆలిండియా రేడియో చేతికి వెళ్లింది. 1971 దాకా ఆ నిషేధం సడలలేదు. అన్నేళ్లూ ఈ పేటీని బతికించింది దర్గాలు, గురుద్వారాలు, భజన మండళ్లు, నాటకాలు.

మరమ్మత్‌కు కరీంనగర్‌లో ఒక ముసలి కారీగర్ దొరికారు. ఆయన మొదటి మాట: "చింతపండుతో తోమలేదు గదా?" మన ఇళ్లలో ఇత్తడి కనబడితే చేయి చింతపండు మీదికే పోతుంది. రీడ్ మీద పులుపు పడితే లోహం తింటుంది, సుర్ మారిపోతుంది. పొడి మెత్తటి కుంచెతో దులపాలి, అంతే. సుర్ పెంచాలంటే నాలుక కొన దగ్గర, తగ్గించాలంటే మొదలు దగ్గర వెంట్రుకంత గీకుతారు. గీకింది మళ్లీ రాదు. అందుకే ఫోన్‌లో శ్రుతి చూసి, కీబోర్డుకు సరిపోవడం లేదని మొత్తం రీడ్లు గీకించొద్దు. 440 అనే లెక్క మీద దేశాలు కూడబలుక్కున్నది 1939లో, ఫ్రాన్స్‌లో అంతకుముందు 435 ఉండేది. మా పేటీ కొంచెం కిందికి పలుకుతోంది. అది పాత లెక్క వల్లనా, రీడ్లు పాతబడటం వల్లనా అంటే, "దాన్ని అట్లనే ఉండనీ బేటా" అన్నారు కారీగర్.

తిత్తికి ఫెవికాల్ వద్దన్నారు. సరేష్ వాడారు, మన వడ్రంగులు వజ్రం అంటారు. గోరువెచ్చని నీళ్లతో మళ్లీ ఊడదీయొచ్చు, రేపు ఇంకొకరు మరమ్మత్ చేయాలంటే దారి ఉంటుంది. చీలిన చోట్ల మేకతోలు పట్టీలు వేశారు. అఖ్బారు ముక్కలు తీసేస్తానంటే నేను వద్దన్నాను. ఆయన కాసేపు ఆలోచించి, వాటి మీద పల్చని కాగితం వేసి దానిపై కొత్త పట్టీ అతికించారు. పెట్టెను గరుకు కాగితంతో రుద్దనివ్వలేదు. రుద్దితే తళతళ మెరిసేది, దాదా మోచేయి ఆనించి ఆనించి నునుపైన అంచు పోయేది.

మొత్తం ఖర్చు ఆరు వేల మూడు వందలు. ఇంకా రెండు ఖరజ్ రీడ్లు పలకవు. పాలిటానా రీడ్లు వేస్తే పలుకుతాయి, కానీ పక్కవాటితో గొంతు కలవకపోవచ్చని కారీగర్ ఆగారు. పేటీ ఇప్పుడు మంచిర్యాలలో ఫుప్పమ్మ ఇంట్లో ఉంది. పోయిన ఇత్వార్ చిచ్చా అక్కడికి వెళ్లాడట. వాయించమని అడగలేదట. "అబ్బా కూర్చునేది ఎటువైపు?" అని మాత్రం అడిగాడట.