ఒక్క మోతాదు, నెల రోజుల నీడ: ఉత్తర కోస్తా మన్యంలో దీర్ఘకాల సల్ఫోనమైడ్లు

మందు ఒంట్లో ఎంతకాలం నిలుస్తుందన్నది ఔషధశాస్త్ర గ్రంథాల్లో పట్టికలో పడి ఉండే అంకె. సీతంపేట కొండల్లో, గుమ్మలక్ష్మీపురం, కురుపాం, పాచిపెంట మండలాల్లో మాత్రం వైద్యం పూర్తవుతుందో లేదో తేల్చేది ఆ అంకే. దీర్ఘకాలం పనిచేసే సల్ఫోనమైడ్లు ఈ ప్రాంతంలో నిలదొక్కుకోవడానికి వాటి శక్తి కన్నా దారి దూరమే పెద్ద కారణమని ఈ వ్యాసం వాదన. వాటి వల్ల వచ్చిన చిక్కులు కూడా ఆ నిలకడ నుంచే పుట్టాయి.

సల్ఫా మందుల కథ 1935లో గెర్హార్డ్ డొమాక్ ప్రకటించిన ప్రాంటోసిల్‌తో మొదలైంది. అది ఎలా పనిచేస్తుందో 1940లో డొనాల్డ్ వుడ్స్ దారి చూపాడు. సూక్ష్మజీవి తనకు కావలసిన ఫోలేట్‌ను పారా అమైనో బెంజోయిక్ ఆమ్లం నుంచి తానే తయారు చేసుకుంటుంది. సల్ఫా అణువు ఆ ఆమ్లంలాగే ఉండి, డైహైడ్రోటెరోయేట్ సింథేజ్ అనే ఎంజైములో దాని చోటును ఆక్రమిస్తుంది. మనిషి ఫోలేట్‌ను ఆహారం నుంచి తీసుకుంటాడు కాబట్టి ఆ దెబ్బ అతనికి తగలదు. ఫోలిక్ ఆమ్లాన్ని వేరుచేసి, 1945 నాటికి ప్రయోగశాలలో తయారుచేసిన లెడర్లే సంస్థ పరిశోధక బృందానికి నాయకుడు మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. ఆయన 1948లో కన్నుమూశారు. తర్వాత తొమ్మిదేళ్లకు, ఫోలేట్ తయారీని అడ్డుకునే తొలితరం దీర్ఘకాల సల్ఫాల్లో ఒకటైన సల్ఫామెథాక్సీపిరిడజైన్‌ను కైనెక్స్ పేరుతో అదే సంస్థ మార్కెట్లోకి తెచ్చింది.  

తొలినాటి సల్ఫాలను నాలుగు నుంచి ఆరు గంటలకోసారి మింగాల్సి వచ్చేది. మూత్రంలో స్ఫటికాలు కట్టకుండా నీళ్లు బాగా తాగమని చెప్పాల్సి వచ్చేది. ఆ తర్వాత వచ్చిన అణువులకు కొవ్వులో కరిగే గుణం ఎక్కువ. రక్తంలోని ప్రోటీన్లను గట్టిగా అంటిపెట్టుకుంటాయి, మూత్రనాళికల్లోంచి తిరిగి రక్తంలోకి చేరతాయి. సల్ఫామెథాక్సజోల్ అర్ధజీవితకాలం, అంటే ఒంట్లోని మందు సగానికి తగ్గే సమయం, సుమారు 10 గంటలైతే, సల్ఫామెథాక్సీపిరిడజైన్, సల్ఫాడైమెథాక్సిన్‌లది దాదాపు 40 గంటలు, సల్ఫలీన్‌ది 65 గంటల చుట్టుపక్కల. సల్ఫాడాక్సిన్‌కు మాత్రం ఏడు నుంచి తొమ్మిది రోజులు. మూత్రకోశ వ్యాధులకు, శ్వాసకోశ వ్యాధులకు, ట్రకోమాకు వీటిని వాడి చూశారు. కుష్ఠుకూ సల్ఫాడాక్సిన్‌ను ప్రయత్నించారు. వాటిలో చాలా భాగం ఇప్పుడు మనుషుల వైద్యంలో కనుమరుగైంది. మిగిలింది ప్రధానంగా మలేరియాకు వాడే సల్ఫాడాక్సిన్, అదీ పైరిమెథమిన్‌తో జంటగా.

ఈ జంటలో తెలివైన లెక్క ఉంది. సల్ఫాడాక్సిన్ ఫోలేట్ దారిలో ఒక మెట్టును, పైరిమెథమిన్ తర్వాతి మెట్టును అడ్డుకుంటాయి. విడివిడిగా ఇస్తే చాలని మోతాదులు కలిస్తే చాలుతాయి. 500 మిల్లీగ్రాముల సల్ఫాడాక్సిన్, 25 మిల్లీగ్రాముల పైరిమెథమిన్ ఉన్న బిళ్ళలు మూడు, పెద్దవాళ్లకు ఒకేసారి. అంతటితో సరి. భారతదేశంలో క్లోరోక్విన్‌కు లొంగని ఫాల్సిపేరమ్ మలేరియా 1973లో అస్సాంలో బయటపడింది. 1982 నాటి జాతీయ ఔషధ విధానం అలాంటి చోట్ల ఈ జంటను రెండో వరుస మందుగా నిలిపింది.

మన్యం దారుల్లో దీని విలువ చూడాలి. సవర, జాతాపు గూడేలు చాలావరకు కొండవాలుల్లో ఉంటాయి. పోడు పనుల రోజుల్లో కుటుంబాలు పొలాల దగ్గరి పాకల్లోనే రాత్రిళ్లు గడుపుతాయి. దోమతెర ఇంట్లో ఉంటుంది, మనిషి కొండమీద ఉంటాడు. రోడ్డు లేని చోటినుంచి రోగిని డోలీలో మోసుకు రావడం ఈనాటికీ పత్రికల్లో కనిపించే వార్తే. చలి జ్వరం రెండు రోజులు తగ్గగానే మిగతా బిళ్ళలు చూరులోకి పోతాయి. అలాంటి చోట ఆరోగ్య కార్యకర్త కళ్లెదుట ఒక్కసారి మింగించి పంపేయగల మందు దొరకడం చిన్న సంగతి కాదు. వైద్యాన్ని రోగి ఓపికకు వదలకుండా, రక్తంలోనే నిలిపి ఉంచడమన్నమాట. రోగిని అపనమ్మకంతో చూసే ఆలోచన ఇందులో కొంత ఉంది. నిజాయితీగా ఒప్పుకోవాల్సిన విషయం అది.

2005లో మందుకు లొంగని ప్రాంతాలకు, 2010లో దేశమంతటా, ఫాల్సిపేరమ్ చికిత్సలో ఆర్టిసునేట్ ముందుకొచ్చింది. సల్ఫా జంట దాని తోడుగా మిగిలింది. ఆశా కార్యకర్త చేతిలోని ప్యాకెట్‌లో పెద్దవాళ్లది తెలుపు రంగు: మూడు రోజులు ఆర్టిసునేట్, మొదటి రోజే సల్ఫా జంట. ఇక్కడ రెండు మందుల కాలగమనం పొంతన లేనిది. ఆర్టిసునేట్, దాని నుంచి శరీరంలో తయారయ్యే చురుకైన రూపం కొన్ని గంటల్లోనే పోతాయి. ఆ కొద్ది సమయంలోనే పరాన్నజీవుల సంఖ్యను అమాంతం పడగొడతాయి. మిగిలిన కొద్దిపాటి జీవుల్ని వారాల తరబడి తుడిచే పని సల్ఫాడాక్సిన్‌ది. అర్ధజీవితకాలం ఎనిమిది రోజులనుకుంటే, నలభై రోజుల తర్వాత కూడా మొదటి మోతాదులో మూడు శాతం దాకా మిగిలే ఉంటుంది.

ప్రమాదం ఆ మిగులులోనే దాగి ఉంది. నయమైన మనిషిని మూడో వారంలోనో నాలుగో వారంలోనో మళ్లీ దోమ కుడితే, కొత్తగా వచ్చిన పరాన్నజీవికి చంపేంత మందు ఎదురుకాదు. బలహీనమైనవి చచ్చి, ఎంజైములో మార్పు ఉన్నవి బతికే పాటి మందు మాత్రం ఎదురవుతుంది. మలేరియా ఎక్కువగా ఉన్న గూడెంలో ఇది ప్రతి వర్షాకాలం జరిగే ఎంపిక. ఈశాన్య రాష్ట్రాల్లో ఈ జంట విఫలమవడంతో 2013 విధానం అక్కడ ఆర్టెమెథర్–లూమెఫాంట్రిన్‌కు మారింది. ఆంధ్రప్రదేశ్‌తో సహా మిగతా దేశానికి అదే విధానం పాత జంటనే కొనసాగించింది.

రెండో ప్రమాదం చర్మానిది. స్టీవెన్స్–జాన్సన్ సిండ్రోమ్ కేసులు 1960ల మధ్యకే దీర్ఘకాల సల్ఫాలకు ముడిపడి వైద్య పత్రికలకెక్కాయి. నివారణ కోసం వారం వారం ఈ జంటను మింగిన అమెరికన్ ప్రయాణికుల్లో 11,000 నుంచి 25,000 మందికి ఒకరు చర్మ ప్రతిచర్యతో చనిపోయారని 1980లలో అంచనా కట్టారు. జబ్బుకు ఒక్కసారి ఇచ్చే చికిత్సలో ఆ ముప్పు చాలా తక్కువ. అయినా దద్దుర్లు లేచాక మామూలు మందునైతే ఆపితే చాలు, ఒకట్రెండు రోజుల్లో పోతుంది. దీన్ని ఆపడానికి లేదు, ఎప్పుడో మింగేసిన మోతాదే ఇంకా రక్తంలో తిరుగుతుంటుంది. ఇంతకుముందు సల్ఫా పడని మనిషా అన్న ప్రశ్న కొండమీదే, బిళ్ళ ఇవ్వకముందే అడగాలి.

పిల్లల్లో మరో చిక్కు. ప్రోటీన్లను అంటిపెట్టుకునే గుణం వల్ల సల్ఫా బిలిరుబిన్‌ను విడదీసి పసికందు మెదడుకు హాని చేయగలదు. అయిదు నెలల లోపు బిడ్డలకు ఈ జంటను ఇవ్వవద్దని జాతీయ విధానం చెప్పింది అందుకే. ఫోలిక్ ఆమ్లంతో తగాదా కూడా ఉంది. పరాన్నజీవి బయటి ఫోలేట్‌ను కొంత వాడుకోగలదు కాబట్టి, రోజుకు 5 మిల్లీగ్రాముల పెద్ద మోతాదు ఈ మందును దెబ్బతీస్తుంది. గర్భిణులకు ఇచ్చే ఐరన్ బిళ్ళలోని అర మిల్లీగ్రాము అంత ఇబ్బంది కాదు. రక్తహీనత ఎక్కువగా ఉన్న ఏజెన్సీలో రెండు రకాల బిళ్ళల తేడాను చెప్పాల్సిన బాధ్యత మందులిచ్చేవారిదే.

విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో సల్ఫా కుటుంబానికి మరో జ్ఞాపకం ఉంది. డాప్సోన్ సల్ఫోనమైడ్ కాదు, సల్ఫోన్. కానీ అదే ఎంజైముపై అదే పని చేస్తుంది. సాలూరులోని ఫిలడెల్ఫియా కుష్ఠు ఆసుపత్రి ఈ వ్యాధి చరిత్రలో తెలిసిన పేరు. దేశంలో బహుళ ఔషధ చికిత్స 1980ల తొలి సంవత్సరాల్లో మొదలైన జిల్లాల్లో విజయనగరం, శ్రీకాకుళం ఉన్నాయి. డాప్సోన్‌ను ఒక్కదాన్నే ఏళ్ల తరబడి వాడటం వల్ల వచ్చిన నిరోధకతే ఆ మార్పుకు కారణం. ఒకే ఎంజైమును ఒకే మందుతో ఎక్కువ కాలం నొక్కితే ఏమవుతుందో మలేరియా కన్నా ముందే ఇక్కడ కుష్ఠు చూపించింది.

2022 ఏప్రిల్‌లో జిల్లాల విభజనతో సీతంపేట, పార్వతీపురం ప్రాంతాలు పార్వతీపురం మన్యం జిల్లాలోకి వెళ్లాయి. శ్రీకాకుళానికి తీరంలోని ఉద్దానం మిగిలింది. కవిటి, సోంపేట, పలాస ప్రాంతాల్లో కారణం తేలని మూత్రపిండాల వ్యాధి ఉన్న నేల అది. సల్ఫాడాక్సిన్ బయటికి పోయే దారి ప్రధానంగా మూత్రపిండాలే. అవి దెబ్బతిన్న మనిషిలో తొమ్మిది రోజుల అర్ధజీవితకాలం ఇంకా సాగుతుంది. ఉద్దానం మనిషి కొండప్రాంతంలో పనికి వెళ్లి చలి జ్వరంతో తిరిగొస్తే, రక్తపరీక్షతో పాటు క్రియాటినిన్ కూడా చూడాలి. ఆ తర్వాతే తెల్ల ప్యాకెట్ విప్పాలి.