చుట్ట నిప్పు తగిలిన చోట

గోదావరి లంకల పొగాకుకు పంతొమ్మిదో శతాబ్దంలోనే ఇంగ్లండుదాకా పేరు పాకింది. 1890లో వచ్చిన షెర్లాక్ హోమ్స్ నవల ‘ది సైన్ ఆఫ్ ఫోర్’లో, బూడిదను చూసి హంతకుడు ఏం కాల్చాడో చెప్పే సందర్భంలో లంక చుట్ట ప్రస్తావన ఉంది. అత్తిలి, తణుకు వరిచేలల్లోనూ కొల్లేటి గట్లమీదా ఆ చుట్ట చలికీ అలసటకూ తోడైంది. అది నోటికి చేసిన కీడును వైద్యులు కనిపెట్టిన తీరూ ఒక అపరాధ పరిశోధనే. ఆ పరిశోధన మొదట సాగింది సూక్ష్మదర్శిని కింద కాదు, పల్లెటూరి అరుగుల మీద. నోటి క్యాన్సర్‌ను ముందే పట్టుకోవడం గురించి మాట్లాడేటప్పుడు ఈ వరుసను మరిచిపోకూడదని నా వాదన.

ఉత్తర కోస్తాలో, ముఖ్యంగా శ్రీకాకుళం, విశాఖపట్నం పల్లెల్లో, అడ్డపొగ అలవాటు ఉండేది. చుట్ట వెలిగించిన కొసను నోట్లో పెట్టుకుని కాల్చడమే అడ్డపొగ. మగవాళ్లకంటే ఆడవాళ్లలోనే ఇది ఎక్కువ. మిగతా చోట్ల అంగిట్లో క్యాన్సర్ అరుదు. ఇక్కడ అదే తరచుగా కనిపించింది. టాటా మెమోరియల్ ఆసుపత్రికి చెందిన వి.ఆర్. ఖనోల్కర్, సూర్యాబాయితో కలిసి 1945లో అలవాట్లకూ క్యాన్సర్‌కూ ఉన్న ముడిని వివరించారు. 1957లో డి.జి. రెడ్డి, వి.కె. రావు కోస్తాంధ్ర అంగిటి క్యాన్సర్‌పైనే వ్యాసం ప్రచురించారు. కోపెన్‌హేగన్ ఆచార్యుడు పిండ్‌బోర్గ్, ఫలీ మెహతా బృందం 10,169 మంది పల్లె జనం నోళ్లు పరీక్షించి 1971లో ఫలితాలు ప్రకటించింది. వారిలో 43.8 శాతం మంది అడ్డపొగ తాగేవారే. ఖైనీ పెట్టుకునే చోట పెదవి లోపల, తమలపాకూ పొగాకూ నమిలితే బుగ్గలో, అడ్డపొగకు అంగిట్లో: జబ్బు లేచిన చోటే కారణాన్ని చూపించింది.

అడ్డపొగ శ్రీకాకుళం సంగతి కదా, అత్తిలికి దానితో ఏం పని అని ఎవరైనా అడగవచ్చు. మామూలుగా చుట్ట కాల్చేవాళ్ల అంగిట్లో వచ్చే తెల్లమార్పు చాలావరకు క్యాన్సర్‌కు దారితీయదు, నిజమే. అడ్డపొగ వాళ్లలో ఆ మార్పుతోనే క్యాన్సర్ ముప్పు ఎక్కువ. ఒకే ఆకు, కాల్చే తీరు మారితే ఫలితం ఇంతగా మారిపోయింది. కాబట్టి ఏ ఊళ్లోనైనా పొగాకు ఉందా అని అడిగి ఊరుకుంటే చాలదు. ఎలా వాడుతున్నారు, నోట్లో ఎక్కడ పెడుతున్నారు అని కూడా అడగాలి. జంగారెడ్డిగూడెం వైపు మెట్టలో వర్జీనియా పొగాకు పండే గోదావరి ప్రాంతానికి ఆ ప్రశ్న పరాయిది కాదు.

నోటిని కంటితో చూసి జబ్బు పట్టాలనడం మీద ఇంతకంటే బలమైన అభ్యంతరం ఇంకొకటుంది. కంటికి కనిపించే మచ్చల్లో ఎక్కువ భాగం క్యాన్సర్‌గా మారవు. ఏది మారుతుందో చూపుతో తేలదు. ఇక్కడే జన్యుశాస్త్రం ఆదుకుంది. నోటి పొర పైకి మామూలుగా ఉన్నా, పొగ తగిలిన మేరంతా మారి ఉండవచ్చని 1953లో స్లాటర్ బృందం సూచించింది. తొమ్మిదో క్రోమోజోమ్ మీద 9పి21 భాగం ఊడిపోవడం తొలిదశలోనే జరుగుతుందని 1996లో కాలిఫానో బృందం చూపింది. కణ విభజనకు కళ్లెం వేసే పి16 జన్యువు ఉండేది ఆ భాగంలోనే. దెబ్బతిన్న కణాన్ని ఆపే టీపీ53 జన్యువు పొగాకు వల్ల వచ్చే తల, మెడ క్యాన్సర్లలో చాలావాటిలో చెడి ఉంటుంది. గొంతు వెనుక భాగంలో హెచ్‌పీవీ వైరస్ వల్ల వచ్చే క్యాన్సర్ దారి వేరు. అక్కడ టార్చిలైటు చూపు అంతగా అందదు కూడా.

అయినా పరీక్షకు ముక్క తీయాలంటే, ఎక్కడ తీయాలో ముందు కన్నే చెప్పాలి. తిరువనంతపురం జిల్లాలో 1996లో మొదలైన పెద్ద అధ్యయనంలో శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలు నోళ్లు చూశారు. పొగాకో మద్యమో అలవాటున్నవారిలో నోటి క్యాన్సర్ మరణాలు దాదాపు మూడో వంతు తగ్గాయని 2005లో తేలింది. మొత్తం జనాభాలో తగ్గుదల అంత కచ్చితంగా రుజువు కాలేదు. అందుకే అలవాటున్నవారినే ముందు వెతికి చూడాలంటాను. 2016 కేంద్ర మార్గదర్శకాల ప్రకారం 30 ఏళ్లు దాటినవారికి ఐదేళ్లకోసారి నోటి పరీక్ష చేయాలి. చేసేవారు బుగ్గలూ నాలుకా చూసి వదిలేయకూడదు. కట్టుడు పళ్లుంటే తీయించి, తల వెనక్కి వంచమని చెప్పి, అంగిటి మీదికీ వెలుగు వేయాలి.