రోజువారీ జపనీస్ క్రియలు: పలకడం ఎలా, రాయడం ఎలా?

జపాన్‌లో వృద్ధుల సంరక్షణ, హోటల్, నిర్మాణ రంగాల్లో పనికి 2019 ఏప్రిల్ నుంచి ప్రత్యేక నైపుణ్య వీసా ఇస్తున్నారు. దీనికి పని పరీక్షతో పాటు సాధారణంగా జపనీస్ ఎన్4 స్థాయి భాష కూడా రావాలి. మన పిల్లలు చాలామంది లిపి చూడగానే భయపడి ఆగిపోతారు. క్రియల దగ్గర మొదలుపెడితే దారి కొంత తేలికవుతుంది.

తెలుగు వరస పనికొస్తుంది

తెలుగు, ఉర్దూల్లాగే జపనీస్‌లోనూ క్రియ చివర్లోనే వస్తుంది. 'వతషి వ మిజు ఒ నొమిమసు' అంటే 'నేను నీళ్లు తాగుతాను'. నేను, మీరు, ఆమె ఎవరైనా క్రియ మారదు. ఉర్దూలో 'పీతా హూఁ' వేరు, 'పియూంగా' వేరు. తెలుగులో 'తాగుతాను' రెండింటికీ సరిపోతుంది, జపనీస్ 'నొమిమసు' కూడా అంతే. చివరి 'మసు' వినడానికి 'మస్' లాగే ఉంటుంది.

మూడు గుంపులు

మొదటి గుంపు: నొము (తాగు), కకు (రాయి), యొము (చదువు), ఇకు (వెళ్లు). చివరి అక్షరానికి కొమ్ము తీసి గుడి పెట్టి 'మసు' చేర్చాలి: నొమిమసు, కకిమసు, యొమిమసు, ఇకిమసు.

రెండో గుంపు: తబెరు (తిను), మిరు (చూడు), నెరు (నిద్రపో), ఒకిరు (నిద్ర లే). చివరి 'రు' తీసేస్తే చాలు: తబెమసు, మిమసు, నెమసు, ఒకిమసు.

మూడో గుంపులో ముఖ్యంగా రెండే. సురు (చేయి) షిమసు అవుతుంది, కురు (వచ్చు) కిమసు అవుతుంది.

ఒక జాగ్రత్త: కయెరు (తిరిగి వెళ్లు), హైరు (లోపలికి వెళ్లు) చూడ్డానికి రెండో గుంపులా ఉంటాయి గానీ మొదటి గుంపువే. కయెరిమసు, హైరిమసు అనాలి.

'మసు' గౌరవంగా మాట్లాడే రూపం. పెద్దవాళ్లతో, పని చోట ఇదే వాడాలి. జరిగిపోయిన పనికి 'మషిత', కాదనడానికి 'మసెన్', చేయలేదు అనడానికి 'మసెన్ దెషిత'.

రాయడంలో కిటుకు

'5వ తరగతి' అని రాసినప్పుడు 5 అర్థం చెబుతుంది, 'వ' పలుకు చెబుతుంది. జపనీస్ క్రియ కూడా అంతే. మొదట అర్థం చెప్పే కంజి గుర్తు, తర్వాత మారే భాగం హిరగన అక్షరాల్లో. అందుకే ముందు 46 హిరగన అక్షరాలు నేర్చుకోవాలి. 'సురు'ను మాత్రం ఎక్కువగా హిరగనలోనే రాస్తారు.

కంజి ఎందుకంటే, 'వస్తాను' కూడా కిమసు, 'బట్టలు వేసుకుంటాను' కూడా కిమసే. కాగితం మీద తేడా తెలిసేది గుర్తుతోనే. కొన్ని గుర్తులు కథలా గుర్తుంటాయి: కికు (విను) గుర్తులో ద్వారం, దాని లోపల చెవి. హనసు (మాట్లాడు) గుర్తులో ఎడమన మాట, కుడివైపు నాలుక.

భోజనం దగ్గర

'బుతనికు వ తబెమసెన్' అంటే 'పంది మాంసం తినను'. 'ఒసకె వ నొమిమసెన్' అంటే 'మద్యం తాగను'. ఇక్కడ చివర 'క' చేర్చకండి. 'తబెమసెన్ క' అంటే 'తింటారా, రండి' అని పిలిచినట్టు అవుతుంది. ఈ రెండు వాక్యాలు ప్రయాణానికి ముందే నోటికి వచ్చేయాలి.

రోజుకు మూడు క్రియలు పలికి, రాసి, వాక్యంలో వాడి చూడండి. నెల రోజుల్లో తొంభై అవుతాయి.