లూసీ ఇంటికొచ్చిన మెహమాన్లు

తెలుగు సినిమాలో సాయిబు పాత్ర ఎందుకుంటుందో మనందరికీ తెలుసు. నోరు తెరవగానే వచ్చీరాని తెలుగు, హాల్లో నవ్వులు. ఉర్దూ మీడియంలో చదివి డిగ్రీ తెలుగులో చేసిన నాకు ఆ నవ్వు ఎప్పుడూ గుచ్చుకునేది. అందుకే అమెరికా టీవీ కామెడీకి మహారాణి అనిపించుకున్న లూసిల్ బాల్ కహానీ చదువుతుంటే, నా చూపు ముందుగా ఆమె షోహర్ లెహజా మీద పడింది.

లూసిల్ 1911లో న్యూయార్క్ రాష్ట్రంలోని జేమ్స్‌టౌన్‌లో పుట్టింది. హాలీవుడ్‌లో ఏళ్ల తరబడి చిన్నా పెద్దా వేషాలు వేసినా అగ్రతార కాలేకపోయింది. 1940లో డెసీ ఆర్నాజ్‌తో షాదీ అయింది. ఆయన క్యూబావాడు. తండ్రి శాంటియాగో నగర మేయర్. 1933 ఇన్‌ఖిలాబ్‌లో ఆస్తి అంతా పోయి ఆ కుటుంబం అమెరికాలోని మయామీ చేరింది. డెసీ పాటలు పాడుతూ, బ్యాండు నడుపుతూ పైకొచ్చాడు. ఇంగ్లీషులో స్పానిష్ యాస మాత్రం అలాగే ఉండిపోయింది.

1948 నుంచి సీబీఎస్ రేడియోలో లూసిల్ చేసిన 'మై ఫేవరెట్ హస్బెండ్' బాగా నడిచింది. అలాంటిదే టీవీకి చేద్దామన్నారు కంపెనీవాళ్లు. ఆమె ఒకటే షర్తు పెట్టింది: భర్త వేషం నా భర్తే వేయాలి. వాళ్లు తటపటాయించారు. అమెరికన్ పిల్లకు క్యూబా మొగుడంటే జనం ఒప్పుకుంటారా అని షక్. సరే, జనాన్నే అడుగుదామని 1950లో మియాబీవీ ఇద్దరూ ఊరూరా స్టేజీ షోలు చేశారు. జనం కడుపుబ్బ నవ్వారు. 1951 అక్టోబర్ 15న 'ఐ లవ్ లూసీ' మొదలైంది.

అందులో డెసీ పాత్ర పేరు రికీ రికార్డో. అతని యాసను లూసీ ఒక్కతే మజాక్ చేయాలి, ఇంకెవరు చేసినా నవ్వు రాదని రచయితలకు త్వరలోనే అర్థమైంది. ఎంత పెద్ద సంగతి ఇది! ఇంట్లో ప్రేమతో ఏడిపించడం వేరు, బజారులో పదిమంది కలిసి ఎగతాళి చేయడం వేరు. మన సినిమావాళ్లకు ఆ ఫరక్ పట్టలేదు.

అప్పట్లో టీవీ కార్యక్రమాలు ఎక్కువగా న్యూయార్క్ నుంచి లైవ్‌లో వచ్చేవి. వీళ్లు హాలీవుడ్ వదలమన్నారు. ప్రేక్షకులను ఎదురుగా కూర్చోబెట్టి మూడు కెమెరాలతో ఫిల్ము మీద తీశారు. ఖర్చు పెరిగింది కాబట్టి జీతం తగ్గించుకుని, బదులుగా ఆ ఫిల్ముల హక్కులు తమ కంపెనీ 'డెసీలూ'కు రాయించుకున్నారు. పాత ఎపిసోడ్లను మళ్లీ మళ్లీ వేసి డబ్బు చేసుకోవచ్చని అప్పటికి ఎవరికీ తట్టలేదు.

లూసిల్ గర్భవతి అయితే దాన్నీ కథలో పెట్టారు. 'గర్భం' అనే మాటకు మాత్రం ఇజాజత్ లేదు. ఒక కాథలిక్ ఫాదర్, ఒక ప్రొటెస్టెంట్ పాస్టర్, ఒక యూదు రబ్బీ ఆ స్క్రిప్టులు చూసి సరేనన్నారు. 1953 జనవరి 19న తెరమీద లూసీకి కొడుకు పుట్టాడు. అదే రోజు నిజంగానూ లూసిల్‌కు కొడుకు పుట్టాడు. మర్నాడు ఐసెన్‌హోవర్ ప్రెసిడెంటుగా ప్రమాణం చేస్తే, దానికంటే ఎక్కువ మంది లూసీ బిడ్డనే చూశారు.

అదే ఏడాది సెప్టెంబర్‌లో ఇల్జామ్ వచ్చిపడింది: లూసిల్ కమ్యూనిస్టు అని. 1936లో ఓటరు నమోదులో ఆ పార్టీ పేరు రాయించిన మాట నిజమే. తాతగారి ముచ్చట తీర్చడానికి రాయించానని ఆమె విచారణ కమిటీకి చెప్పుకుంది. షూటింగ్ రోజు డెసీ ప్రేక్షకుల ముందుకొచ్చి, ఈమెలో ఎరుపంటూ ఉంటే అది జుట్టు ఒక్కటే, అదీ అసలు రంగు కాదని చెప్పాడు. ఆ ఎరుపు మన మెహందీ చలవే. జనం చప్పట్లు కొట్టారు. గండం గడిచింది. కానీ అదే ఇల్జామ్‌తో పని పోగొట్టుకున్న నటులు, రచయితలు ఎందరో. దేశమంతా ప్రేమించే మనిషి కాబట్టి ఆమె వఫాదారీని నమ్మారు. మామూలు మనిషికి ఆ రియాయత్ దొరకలేదు.

1955లో కథ హాలీవుడ్‌కు మారింది. మెహమాన్లు వరసకట్టారు. విలియం హోల్డెన్ ముందు లూసీ పెట్టుకున్న నకిలీ ముక్కుకు నిప్పంటుకుంది. హార్పో మార్క్స్ ఎదుట అతని వేషమే వేసుకుని అద్దంలో బొమ్మలా నటించింది. జాన్ వేన్ పాదముద్రల సిమెంటు పలకను ఎత్తుకొచ్చింది. స్టార్లు స్టార్లుగానే ఉంటారు, నవ్వులపాలయ్యేది లూసీయే. అందుకే అంత పెద్దవాళ్లు భయపడకుండా వచ్చేవారు.

ఈ మెహమాన్లలో ఇద్దర్ని పక్కపక్కన పెట్టి చూడండి. జాన్ వేన్ హాలీవుడ్ కమ్యూనిస్టు వ్యతిరేక సంఘానికి సదర్‌గా చేసినవాడు. 1956లో వచ్చిన ఆర్సన్ వెల్స్ పేరేమో, ఎర్రవాళ్లంటూ 1950లో అచ్చేసిన 'రెడ్ ఛానెల్స్' జాబితాలో ఉంది. బయట ఒకరి నీడ ఒకరికి గిట్టని రోజుల్లో ఇద్దరికీ లూసీ దస్తర్‌ఖాన్ మీద చోటు దొరికింది.

1957లో డెసీలూ కంపెనీ ఆర్కేవో స్టూడియోను కొనేసింది. ఒకప్పుడు లూసిల్ జీతానికి పనిచేసిన స్టూడియో అది. 1960లో తలాక్ అయింది. 1962లో ఆమె డెసీ వాటా కొని కంపెనీ పగ్గాలు పట్టింది. 'స్టార్ ట్రెక్', 'మిషన్ ఇంపాసిబుల్' సీరియళ్లు ఆమె హయాంలోనే 1966లో తెరమీదకొచ్చాయి. 1967లో కంపెనీ అమ్మేసినా నటన మానలేదు. 1970లో ఎలిజబెత్ టేలర్, రిచర్డ్ బర్టన్ దంపతులు మెహమాన్లుగా వస్తే, టేలర్ వజ్రపుటుంగరం వేలికి పెట్టుకుని ఊడిరాక అవస్థపడింది. అప్పటికి ఆమెకు 59 ఏళ్లు. 1989 ఏప్రిల్ 26న కన్నుమూసింది.

ఆ ఇంట్లో లోపాలు లేవని కాదు. బయటికెళ్లి ఏదో చేయాలని ఆశపడ్డ లూసీ ప్రతిసారీ ఓడి వంటింటికే తిరిగొస్తుంది. అయినా యాస ఉన్న పరదేశీని ఆ షో ఘర్‌వాలాగా కూర్చోబెట్టింది. ఎంతెంత పెద్ద మెహమాన్లు వచ్చినా ఇంటి యజమాని అతనే.